ఉలవ విత్తనం ఎవరి ఇంట్లో ఉంది?

ఈ నెల మన సంఘం ఆఫీసుకు వచ్చిన సభ్యుల్లో ముగ్గురు ఫోను తీసి ఒకే రకం వీడియో చూపించారు. నడుము దాటి పెరిగిన పచ్చటి చేను, పైన తెల్లటి పూలు, తేనెటీగల రొద. పేరు స్వీట్ క్లోవర్. కరువుకు తట్టుకుంటుందట, చవుడులోనూ మొలుస్తుందట, మేతకు మేత, విత్తనానికి విత్తనమట. కిలోకు అడుగుతున్న ధర వింటే బర్రె కూడా మేత మానేస్తుంది. మంచాల వైపు నుంచి ఒకరు, యాచారం వైపు నుంచి ఒకరు, ఇబ్రహీంపట్నం చెరువు కింది ఊరి నుంచి ఒకరు అడిగింది ఒకటే మాట: "తెప్పించుకుంటే ఎట్లుంటది?"

ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోలేదు. అడిగిన ముగ్గురికీ రెండు మూడు ఎకరాల చెలక, మూడు నాలుగు బర్రెలు. పొద్దున క్యానులో పాలు పోసి, పదిహేను రోజులకోసారి బిల్లు తీసుకుని, అందులోంచి దాణా బాకీ కట్టి, మిగిలింది చూసుకుని నిట్టూర్చే ఇండ్లు అవి. బర్రెకు గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పేడ తీసేది చాలా ఇండ్లలో ఆడవాళ్లే. ఆ కూలి ఏ లెక్కలోనూ రాదు. పాల ధర మన చేతిలో లేదు, దాణా ధర మన చేతిలో లేదు. మన చేతిలో ఉండగలిగింది ఒక్క మేతే. అది కూడా చేజారిపోతుంటే మనిషి ఫోనులో కనబడ్డ పచ్చటి చేను వైపు చూడక ఏం చేస్తాడు?

కాబట్టి ఈసారి సంపాదకీయం మేత గురించే. రుణాల గురించి, ధరల గురించి ఈ పత్రికలో ఎన్నో రాశాం. పశువు నోటికి అందే పచ్చిగడ్డి గురించి ఎన్నిసార్లు రాశామని పాత సంచికలు తిరగేస్తే మాకే సిగ్గేసింది.

ముందు ఆ స్వీట్ క్లోవర్ సంగతి. అది మోసపు మొక్కేమీ కాదు. మెంతికి దగ్గరి చుట్టం, మెంతి లాగే మూడాకులు. పంజాబ్, హర్యానా రైతులకు దాని చుట్టం ఒకటి సెంజీ పేరుతో ఎప్పటినుంచో తెలుసు. యాసంగిలో నీళ్లు పెట్టి పశువుల మేతకు వేస్తారు. అమెరికా, కెనడా మైదానాల్లో తెల్ల పూలది, పసుపు పూలది రెండూ పండిస్తారు. వేరు లోతుకు దిగుతుంది, గాలిలోని నత్రజనిని భూమికి పడుతుంది, తేనెకు మంచి పేరు. అక్కడ దాన్ని గట్టి రకం అంటారంటే అర్థం ఉంది. మంచు కింద నెలల తరబడి పడి ఉండి, వసంతం రాగానే మళ్లీ లేచి, రెండో ఏడు పూసి విత్తనమిస్తుంది.

కానీ గట్టి రకం అన్నప్పుడు దేనికి గట్టి అని అడగాలి. మన ఎర్రచెలకకు మంచు తెలియదు. మనకు తెలిసింది వేరు. మృగశిరలో ఒక వాన పడి ఆశ పెడుతుంది, ఆ తర్వాత ఇరవై రోజులు మొఖం చాటేస్తుంది. కురిసినప్పుడు ఒక్కసారే కురిసి పై మట్టిని వాగులో కలుపుతుంది. జానెడు లోతుకే మొరం తగులుతుంది. ఏడాదికి ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వాన కాగితం మీద బాగానే కనబడుతుంది గాని, అది పడే తీరుతోనే వచ్చింది చిక్కు. కెనడా చలికి నిలబడ్డ మొక్క మన ఆశ్లేష కార్తె ఎండకు నిలబడుతుందని ఎవరు హామీ ఇస్తారు? వానాధారం చెలకలో దాన్ని వేసి బాగుపడ్డ రైతు ఈ చుట్టుపక్కల మాకైతే కనబడలేదు.

ఆ మొక్కకు ఇంకో కథ కూడా ఉంది. 1920ల్లో అమెరికా, కెనడాల్లో పశువులు ఉన్నట్టుండి రక్తం కారి చచ్చిపోవడం మొదలైంది. కొమ్ము కత్తిరిస్తే, చిన్న గాయమైతే రక్తం ఆగేది కాదు. తడిసి బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి తిన్న పశువులకే ఇట్లా అవుతోందని పశువైద్యులు కనిపెట్టారు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు బండి నడుపుకుంటూ విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు చేరుకున్నాడు. చచ్చిన పెయ్య, పాల క్యానులో గడ్డకట్టని రక్తం, మూటెడు పాడైన గడ్డి వెంట తెచ్చుకున్నాడు. అక్కడ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆరేడేళ్లు తవ్వగా తవ్వగా తేలిందేమంటే, ఆ మొక్కలో కమ్మటి వాసన ఇచ్చే కుమారిన్ అనే పదార్థం బూజు పడితే రక్తం గడ్డకట్టనివ్వని విషంగా మారుతోంది. దాని ఆధారంగా తయారైందే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది, ఆ తర్వాత గుండె జబ్బుల వాళ్లకు రక్తం పలచబడే మాత్ర అయింది.

ఈ కథ ఎందుకు చెప్పామంటే రెండు కారణాలు. ఒకటి, కొత్త మేత అంటే విత్తనం ఒక్కటే కాదు, దాన్ని ఎండబెట్టడం, దాచడం, ఎంత పెట్టాలో తెలియడం కూడా. ఆ తెలివి విత్తనం సంచిలో రాదు. రెండు, ఆ రైతు ప్రశ్న పట్టుకుని ప్రయోగశాల తలుపు తట్టాడు. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి యాచారం వైపు పోతే గున్‌గల్ దగ్గర కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రీడా వాళ్ల పరిశోధన క్షేత్రం ఉంది. హయత్‌నగర్‌లో ఇంకొకటి ఉంది. మన చెలక లాంటి చెలకలోనే, మన వానతోనే వాళ్లు పంటలు పండించి చూస్తారు. రోజూ ఆ గేటు ముందు నుంచి బస్సులో పోయే మనలో లోపలికి పోయినవాళ్లు ఎందరు?

అక్కడి నుంచి వచ్చినవాటిలో ఉలవ రకాలున్నాయి. క్రీడా లత, క్రీడా వర్ధన్, క్రీడా హర్ష. పాలెం పరిశోధన స్థానం నుంచి పాలెం-1, పాలెం-2 వచ్చాయి. పేర్లు వింటే కొత్తగా ఉండొచ్చు, పంట మాత్రం మన తాతల నాటిది. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టి, ఆ ఉడికిన నీళ్లతో చారు కాచుకున్న ఇండ్లు మనవి. ఇప్పుడు ఉలవచారు హైదరాబాద్ హోటళ్లలో గిన్నెకింత అని అమ్ముడవుతోంది, ఉలవ చేను మాత్రం మన ఊళ్లలో వెతికితే గాని కనబడదు. పత్తి వచ్చింది, మక్క వచ్చింది, ఆ తర్వాత ప్లాట్లు వచ్చాయి.

స్వీట్ క్లోవర్ గురించి వీడియోలో చెప్పిన గుణాలను ఒక్కొక్కటే ఉలవకు పెట్టి చూడండి. కరువుకు తట్టుకోవడంలో పప్పుజాతి పంటల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. ఇంకే పంటా వేయలేని మొరం నేలలో, అన్నీ ఎండిపోయాక చివరి వానకు చల్లినా ఎంతో కొంత ఇస్తుంది. నత్రజనిని ఇదీ పడుతుంది. హయత్‌నగర్‌లో క్రీడా శాస్త్రవేత్తలు అదను తప్పి కురిసిన వానలకు ఉలవ చల్లి, ఆ పచ్చని ఆకును భూమిలో కలియదున్ని పదేళ్ల పాటు చూశారు. నేలలో సేంద్రియ పదార్థం పెరిగింది, తర్వాత వేసిన జొన్న, పొద్దుతిరుగుడు దిగుబడి పెరిగింది. గింజలో ఇరవై శాతం పైన మాంసకృత్తులు. గింజ మనిషికీ ఎద్దుకూ, తీగ పచ్చిమేతకు, కొట్టగా మిగిలిన పొట్టు ఎండాకాలం దాణాలో కలపడానికి. పారేసేది ఏముంది?

ఉలవ గుణం ఒకటి చాలామందికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. అది పగటి పొద్దును చూసి పూసే పంట. పొద్దు తగ్గుతున్నప్పుడే పూతకు వస్తుంది. అందుకే జూన్, జూలైలో చల్లితే తీగ పాకి పాకి ఆకు మీద ఆకు వేస్తుంది గాని పూత కోసం ఆగాల్సిందే. గింజ కోసం వేసినవాడు "దుబ్బు పెరిగింది, కాయ లేదు" అని తిడతాడు. కానీ మేత కోసం వేసినవాడికి కావలసింది ఆ దుబ్బే. ఆగస్టు రెండో పక్షం నుంచి సెప్టెంబర్ లోపల వేస్తే తీగ పొట్టిగా ఉండి, తొందరగా పూసి, మూడు మూడున్నర నెలల్లో గింజ ఇస్తుంది. అంటే విత్తనం ఒకటే, తేదీలు రెండు. మేత మడి ముందు, విత్తనం మడి వెనుక. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం సాగు వచ్చినట్టే. కొత్త రకాల్లో కొన్నింటికి ఈ పొద్దు పట్టింపు తక్కువ. విత్తనం తీసుకునేటప్పుడే ఆ మాట అడిగి తెలుసుకోవాలి.

మేతకైతే ఎకరాకు 12 కిలోల దాకా విత్తనం, గింజకైతే వరుసల్లో 8 నుంచి 10 కిలోలు. దుక్కిలో ఒక బస్తా సూపర్ వేస్తే మంచిది. యూరియా జోలికి పోవద్దు, కలుపు పెరగడం తప్ప లాభం లేదు. పూత మొదలయ్యే సమయానికి, అంటే సుమారు రెండు నెలలకు, మేత కోయాలి. మళ్లీ మళ్లీ చిగురిస్తుందని ఆశ పెట్టుకోవద్దు, ఇది ఒక్క కోత పంట. వాన అనుకూలిస్తే ఎకరాకు మూడు టన్నుల పచ్చిమేత రావాలి. రోజుకు ఒక్కో బర్రెకు 10 కిలోలు వేసుకుంటే, మూడు బర్రెలకు వంద రోజుల మేత. ఎండబెట్టి దాచుకుంటేనే సుమా. పచ్చిగా ఉన్నదాన్ని కుప్ప వేస్తే బూజు పడుతుంది, ఆ బూజు కథ పైన చెప్పుకున్నదే. ఉలవలో ఆ కుమారిన్ కథ లేదు గాని, బూజు పట్టిన మేత ఏదైనా చూడి పశువుకు, దూడకు పెట్టకూడదు.

ఉలవ ఒక్కటే కడుపు నిండా పెట్టడం కూడా తప్పే. పచ్చి పప్పుజాతి మేత ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. మూడు పాళ్ల జొన్న చొప్పకో గడ్డికో ఒక పాలు ఉలవ. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. అది కడుపు నింపుతుంది, పాలు ఇవ్వదు. ఆ లోటు పూడ్చడానికే మనం దాణా సంచులు మోసుకొస్తున్నాం. ఆ సంచిలో కొంత బరువును మన చెలకే మోయగలదు. దాణా మొత్తం మానేయవచ్చని మేము చెప్పడం లేదు, అట్లా చెప్పేవాళ్లను నమ్మవద్దు కూడా. జొన్న గురించి ఒక మాట. వానలు వెనుకపట్టి వాడిపోయిన లేత జొన్నలోకి పశువును తోలొద్దు. నాము తిని పడిపోయిన పశువుకు వైద్యుడు వచ్చేదాకా టైం ఉండదు.

ఇంతదాకా ఎవరికీ అభ్యంతరం ఉండదు. "సరే, ఉలవ వేస్తాం. విత్తనం ఏదీ?" అంటారు. అసలు విషయం ఇక్కడుంది.

పశుగ్రాస పరిశోధనకు ఝాన్సీలో 1962 నుంచీ జాతీయ సంస్థ ఉంది. దేశంలో పచ్చిమేత కొరత 35 శాతం అని ఒకప్పుడు లెక్క చెప్పారు, తర్వాతి లెక్కలో అది 11 శాతం అయింది. ఏది నిజమో బర్రెనే అడగాలి. కానీ ఒక విషయంలో ఆ రంగం వాళ్ల మాట చాలాకాలంగా ఒక్కటే. సాగుచేసే మేత పంటలకు కావలసిన నాణ్యమైన విత్తనంలో దొరుకుతున్నది 25 నుంచి 30 శాతం. బీడు గడ్డికి, పచ్చిక పప్పుజాతులకు అయితే 10 శాతం లోపే. దేశంలో సాగుభూమిలో మేతకు వేసేది నాలుగు శాతం దగ్గరే దశాబ్దాలుగా నిలిచిపోయింది. పశువులేమో పెరుగుతున్నాయి. మన రాష్ట్రంలో 2017లో గొర్రెల పంపిణీ పెట్టారు, యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. గొర్రె వచ్చింది, మంద వెంట మేత విత్తనం రాలేదు. మేపుకునే బీళ్లేమో రాళ్లు పాతుకుని ప్లాట్లుగా మారాయి. యాచారం, కందుకూరు వైపు ఫార్మాసిటీ కోసం వేల ఎకరాలు సేకరించారు. ఆ భూముల్లో పంట పోయిన లెక్క ఉంది, మేపు పోయిన లెక్క ఎక్కడా లేదు.

ఉలవకు మద్దతు ధర లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పప్పుధాన్యాల్లో కంది, పెసర, మినుము, శనగ, మసూర్ ఉన్నాయి గాని ఉలవ లేదు. ధర లేని పంటను రైతు వేయడు. రైతు వేయకపోతే విత్తనం ఉండదు. అప్పుడు అంగట్లో తినే ఉలవలనే విత్తనమని అమ్ముతారు. మన సభ్యుల్లో ఒకరు పోయిన ఏడాది అట్లా ఒక దుకాణంలో విత్తనం పేరు మీద బస్తా కొన్నారు. నూటికి నలభై కూడా మొలవలేదు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. తెల్లకాగితం పట్టుకుని ఏ ఆఫీసుకు పోయినా పని కాదు. విత్తనం కొన్నప్పుడు లాట్ నంబరుతో బిల్లు తీసుకోవాలని ఈ పత్రికలో రాస్తూనే ఉన్నాం. అది ఉలవకు కూడా వర్తిస్తుందని మనకే తట్టలేదు.

మేత విత్తనం పండించడం తెలంగాణ రైతుకు చేతకాని విద్య కాదు. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు, బాల్కొండ వైపు పండే ఎర్రజొన్న తినడానికి కాదు. అది ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసానికి వేసే విత్తనం. యాసంగిలో వేలాది ఎకరాల్లో వేసి, ఉత్తరాది బర్రెల కడుపు నింపే విత్తనాన్ని మన రైతులు పండిస్తున్నారు. ఆ రైతులకు దక్కిందేమిటో కూడా చెప్పుకోవాలి. 2008లో కొన్న విత్తనానికి డబ్బులు రాక వాళ్లు రోడ్డెక్కారు. ఆ బాకీల ముడి విప్పడానికి రాష్ట్రం ఏర్పడేదాకా, 2014 దాకా ఆగాల్సి వచ్చింది. 2018లో ధర పడిపోతే ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఎర్రజొన్నకు క్వింటాలుకు 3,500, పసుపుకు 15,000 రూపాయలు కావాలని రహదారి మీద బైఠాయించారు. ఎవరూ పలకకపోతే లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడితే అందులో 178 మంది రైతులే.

ఆర్మూరు నుంచి మనం నేర్చుకోవలసింది రెండు వైపులా ఉంది. విత్తనం పండించడం వచ్చు, దానికి ఊరంతా కట్టుబడి ఉండడమూ వచ్చు. కానీ కొనేవాడు వేల మైళ్ల దూరంలో ఉండి, మధ్యలో నలుగురు వ్యాపారులు ఉండి, ధర రాతపూర్వకంగా లేకపోతే పండించినవాడు మిగలడు. అందుకే మన విత్తనం ముందు మన బర్రెల కోసం కావాలి. అమ్మకం మాట ఆ తర్వాత. మన ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో ఉన్న పాడి రైతులే మన అంగడి. వాళ్ల అవసరం తీరాక మిగిలితే పక్క మండలానికి.

లెక్క చూద్దాం. ఉలవ విత్తనం మడిలో ఎకరాకు మూడు క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. మేతకు ఎకరాకు 12 కిలోలు చొప్పున అది 25 ఎకరాలకు సరిపోతుంది. ఊరికి ఒక రైతు అరెకరం పెడితే పన్నెండు ఎకరాల మేత. పది ఊళ్లలో పది మంది అరెకరం చొప్పున పెడితే 120 ఎకరాల పైన. ఎక్కడో గోదాంలో ఉన్న విత్తనం లారీ ఎక్కి, జిల్లాకు వచ్చి, మండలానికి దిగి, మన చేతికి అందేసరికి అదను దాటిపోతుంది. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. పక్కింటి మడిలోంచి నేరుగా మన చేనుకే.

పైగా ఉలవ తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందే పంట. మక్క లాగా, పొద్దుతిరుగుడు లాగా పక్క చేను గాలి తగిలి రకం చెడిపోదు. వేరే రకం ఉలవ చేనుకు 5 నుంచి 10 మీటర్ల దూరం ఉంటే చాలు. హైబ్రిడ్ కాదు కాబట్టి ఒకసారి మంచి మూల విత్తనం తెచ్చుకుంటే మూడు నాలుగేళ్లు మన దాన్నే మనం వేసుకోవచ్చు. చట్టం కూడా అడ్డం రాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో లేబుల్ వేసి అమ్మడానికి మాత్రం కుదరదు. ఈ సెక్షన్ నంబరు మన కార్యకర్తలందరికీ నోటికి రావాలి. రేపు ఎవరైనా వచ్చి "మీరు విత్తనం అమ్మరాదు" అంటే ఏం చెప్పాలో తెలియాలి.

విత్తనం మడి పెట్టేవాళ్లకు కొన్ని మాటలు. మేత కోసిన చేనులోనే మళ్లీ గింజ కావాలని చూడొద్దు, రెండూ పోతాయి. పూత సమయంలో మడిలో ఒకసారి నడవండి. తీగ తీరు వేరుగా ఉన్న మొక్క, పసుపు మచ్చలతో పల్లాకు తెగులు పట్టిన మొక్క కనబడితే వేళ్లతో సహా పీకేయండి. బూడిద తెగులు చలి మొదలయ్యాక వస్తుంది, ఆకు మీద తెల్లటి పొడి కనబడగానే వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించండి. కాయ ముదిరి రంగు తిరగగానే పొద్దున మంచు ఆరకముందే కోయాలి. ఎండ ఎక్కాక కోస్తే కాయ పగిలి గింజ చేనులోనే రాలుతుంది. ట్రాక్టరు తొక్కించొద్దు, గింజ పగులుతుంది. కర్రతో కొట్టినా చాలు. గింజను పంటి కింద వేస్తే టక్కున పగిలేదాకా, అంటే తేమ 9 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, పాత సంచులకు పురుగు ఉండొచ్చు కాబట్టి కొత్త సంచుల్లో పోయండి. వేపాకు వేసే పద్ధతి మన పెద్దవాళ్లకు తెలుసు, అదీ మంచిదే. నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి. విత్తే ముందు వంద గింజలు తడి గోనెలో చుట్టి పెట్టి, వారం తర్వాత లెక్కపెట్టండి. ఎనభై మొలిస్తే అది విత్తనం. అంతకు తగ్గితే చారుకు.

భూమి ఎక్కడిది అని అడుగుతారని తెలుసు. ఆదిభట్ల, కొంగరకలాన్ వైపు నుంచి మొదలైన ధర మంచాల గుట్టల దాకా పాకింది. హద్దురాళ్ల మధ్య బీడుపడ్డ భూమిని చూస్తే రైతుకు కడుపు తరుక్కుపోతుంది. ఆ యజమానుల్లో చాలామంది పట్నంలో ఉంటారు, ఏడాదికోసారి వచ్చి కంచె చూసుకుపోతారు. ఉలవ లాంటి మూడు నెలల పంటకు భూమిని ఇవ్వడానికి కొందరు ఒప్పుకుంటున్నారు, ముళ్లపొదలు పెరగకుండా ఉంటుందని. మాట మీద కాకుండా కాగితం మీద రాసుకోండి, సంఘం ఆఫీసులో నమూనా ఉంది. కౌలు రైతుకు ఇక్కడ ఇంకో దెబ్బ ఉంది. పాసు పుస్తకం లేనిదే రాయితీ విత్తనం ఇవ్వరు. బర్రెలు కౌలు రైతు ఇంట్లో, పుస్తకం యజమాని బీరువాలో. మేత విత్తనాన్ని భూమి పుస్తకం చూసి కాకుండా కొట్టంలో పశువును చూసి ఇవ్వాలని మనం ఎన్నడూ గట్టిగా అడగలేదు. ఇక అడుగుతాం.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. మద్దతు ధర జాబితాలో ఉలవను చేర్చాలి. పశుసంవర్ధక శాఖ రాయితీ మీద ఇచ్చే మేత విత్తనాల్లో జొన్న, మక్కలతో పాటు పప్పుజాతి విత్తనం కూడా వానలకు ముందే మండలానికి చేరాలి. గున్‌గల్, పాలెం నుంచి మూల విత్తనం సంఘాలకు నేరుగా ఇవ్వాలి. వీటి మీద వినతిపత్రం రాస్తున్నాం, కొంగరకలాన్ కలెక్టరేట్‌లో ఇస్తాం. ఇచ్చాక ఏం జరిగిందో, జరగకపోతే అది కూడా, ఇదే పేజీలో రాస్తాం.

ప్రభుత్వం కదిలేదాకా కూర్చుంటే ఈ ఏడు అదను పోతుంది. ఈ సంచిక మీకు చేరేసరికి శ్రావణం నడుస్తుంటుంది. గింజ ఉలవకు ఇంకా నెల రోజుల పైన గడువుంది. అరెకరం విత్తనం మడి పెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు మీ గ్రామ కమిటీ దగ్గర పేరు రాయించండి. ఆడవాళ్ల పేరు మీద రాయిస్తే ఇంకా సంతోషం, బర్రెల సంగతి చూసేది వాళ్లే గనుక. పేర్లు వచ్చాక అందరం కలిసి గున్‌గల్ క్షేత్రానికి పోయి, ఏ రకం మన నేలకు సరిపోతుందో అడిగి చూసి వద్దాం. స్వీట్ క్లోవర్ గురించి కూడా వాళ్లనే అడుగుదాం. వాళ్లు బాగుంటుందంటే ఒక గుంటలో వేసి చూద్దాం, తప్పేముంది.

ఇంకొక విన్నపం. మంచాల, యాచారం గుట్టల కింది ఊళ్లలో కొన్ని ఇండ్లలో పాత నల్ల ఉలవ, చిన్న గింజ ఉలవ ఇప్పటికీ కుండలో దాచిపెట్టుకున్నారని విన్నాం. మీ ఇంట్లో అవి ఉంటే ఒక దోసెడు కాగితంలో కట్టి, మీ ఊరు పేరు రాసి, వచ్చే నెల మీటింగుకు తీసుకురండి. తడి గోనె మేము తెస్తాం.